ధర చెప్పడానికి నోరు పెగలకపోతే

చేత్తో గీసిన కలంకారీ దుపట్టాకి రేటు చెబితే 'ప్రింటు సగానికే వస్తుంది కదా' అంటున్నారనీ, కొత్త డిజైన్లు తోచట్లేదనీ రాశారు.

ముందు గుడ్డ, రంగులు, గంటల కూలి విడివిడిగా కాగితం మీద వేసుకోండి. లెక్క చేతిలో ఉంటే గొంతు తడబడదు. బల్ల మీద జానెడు గుడ్డ పెట్టండి: ఒక కొస కరక్కాయ, గేదెపాలలో తడిపింది, పక్కన కసిం అనే నల్లరంగు గీత, ఆ పక్కన పటిక పూసి ఉడికించిన ఎరుపు. కలం గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. వేలితో చూపించండి, వాదించొద్దు. పాలు చాలక కసిం పాకిన పీసు మాత్రం అమ్మకానికి పెట్టకండి. పేరు పోవడానికి అదొక్కటి చాలు.

డిజైన్లకు ఫోన్ వెతకడం దండగ. శ్రీకాళహస్తిలో 1516లో రాయలు కట్టించిన నూరుకాళ్ల మండపం స్తంభాలు చూసొచ్చి, ఇంట్లో పెన్సిల్‌తో గీయండి. బ్యాగులకైతే దేవుడి బొమ్మలకన్నా అంచు లతలే నయం, కింద పెట్టడానికి ఎవరూ జంకరు.