రెండు మైదానాల ఊరు: ఒక కొత్త రచయిత్రికి ఉత్తరం

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. స్కాట్లాండ్‌లోని డండీ ఊరి ఫుట్‌బాల్ జట్టు డండీ యునైటెడ్ మీద నీకున్న ప్రేమ మొదటి పేరాలోనే తెలిసిపోయింది. చదువుకోవడానికి వెళ్లిన ఊళ్లో ఒక జట్టును సొంతం చేసుకుని, దాని గురించి తెలుగులో రాయాలనుకోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. స్కాట్లాండ్ వెళ్లొచ్చి కోటల గురించి, కొండల గురించి రాసేవాళ్లు మనకి చాలామంది ఉన్నారు. శనివారం మధ్యాహ్నం చలిలో, వేడి మటన్ పై చేతిలో పట్టుకుని, ఊరివాళ్ల మధ్య నిలబడి ఆట చూసి రాసినవాళ్లు నాకు తెలిసి లేరు. కాబట్టి ఈ పని మానకు.

అయితే వ్యాసాన్ని ఇలాగే పత్రికకు పంపొద్దు. ఇందులో దాదాపు అన్నీ గెలుపులే ఉన్నాయి. బార్సిలోనాతో 1966లో ఆడిన రెండూ, 1987లో ఆడిన రెండూ, మొత్తం నాలుగు పోటీ మ్యాచ్‌లూ యునైటెడే గెలిచిందని రాశావు. నిజమే, ఎవరైనా గర్వపడాల్సిన సంగతే. కానీ నరసాపురంలోనో నల్గొండలోనో కూర్చుని చదివే మనిషి 'అయితే నాకేంటి?' అనుకుంటాడు. ఆ మనిషిని కూర్చోబెట్టాలంటే ఆ ఊరు ఏ పని చేసుకుని బతికిందో, ఆ పని కోసం ఎవరెవరు ఎక్కణ్నుంచి వచ్చారో చెప్పాలి. జట్టు గురించి రాయాలంటే ముందు ఊరి కూలి సంగతి తెలుసుకో. నేను చెప్పదల్చుకున్నది ఈ ఒక్కటే.

నీ వ్యాసంలో 'మధ్యాహ్నం మూడింటికి ఆట మొదలైంది' అని రాసి ముందుకు వెళ్లిపోయావు. శనివారం మూడింటికే ఎందుకు మొదలవుతుందో ఆలోచించావా? 1850లో బ్రిటన్‌లో ఒక ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. బట్టల మిల్లుల్లో ఆడవాళ్లనీ పిల్లలనీ శనివారం రెండు దాటాక పని చేయించకూడదన్నారు. వాళ్లు లేకపోతే మిల్లు నడవదు కాబట్టి మగవాళ్లకీ పని ఆగింది. వారంలో ఆ ఒక్క పూట చేతికి దొరికింది. అందులోకే ఫుట్‌బాల్ వచ్చింది. డండీ లాంటి మిల్లుల ఊళ్లో ఈ సంగతి చెప్పకుండా మ్యాచ్ టైమ్ రాస్తే, గోడ మీద గడియారం చూసి చెప్పినంతే అవుతుంది.

ఆ మిల్లులు జనుపనార మిల్లులు. ఈ భాగం మీద నువ్వు ఎక్కువసేపు ఉండాలి. ముడి నార బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చేది. ఎండి పెళుసుగా ఉండే ఆ నారను మరమీద వడకడం కుదిరేది కాదు. 1830ల్లో తిమింగిలం నూనె, నీళ్లు కలిపి నానబెడితే నార మెత్తబడుతుందని కనిపెట్టారు. డండీ అప్పటికే తిమింగిలాల వేటకు ఓడలు పంపే రేవు. అలా ఉత్తర ధ్రువం వైపు సముద్రాల నూనె, బెంగాల్ రైతు పండించిన నార, ఐర్లాండ్ కరువు నుంచి పారిపోయి వచ్చిన కూలీలు టే నది ఒడ్డున ఒకచోట చేరారు. ప్రపంచమంతా గోనెసంచులు కట్టుకున్నది ఆ ఊరి మిల్లుల్లో నేసిన గుడ్డతోనే.

లోఖీ పేటకు వెళ్లావో లేదో నువ్వు రాయలేదు. వెళ్లకపోతే ఈ ఆదివారమే వెళ్లు. కాక్స్ సోదరుల క్యాంపర్‌డౌన్ వర్క్స్ ఉన్నది అక్కడే. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద జనుపనార మిల్లు అది. 1981లో మూతపడింది. దాని పొగగొట్టం ఇంకా నిలబడి ఉంది. 282 అడుగుల ఎత్తు, రంగురంగుల ఇటుకలు పేర్చి ఇటలీ చర్చి గంటస్తంభంలా కట్టారు. దాని కింద నిలబడి పైకి చూడు. పొగ వదలడానికి కట్టినదానికి ఇంత అలంకారం ఎందుకు పెట్టారో, ఆ డబ్బు ఎవరి ఒళ్లు హూనం చేసి వచ్చిందో నీకే తోస్తుంది.

ఆ మిల్లుల్లో మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువ. కుర్రాళ్లకు పద్దెనిమిదేళ్లు నిండి పెద్దవాళ్ల కూలి ఇవ్వాల్సి వచ్చేసరికి చాలామందిని పనిలోంచి తీసేసేవాళ్లు. ఆడవాళ్లు మిల్లుకు వెళ్తే, పని దొరకని మగవాళ్లు ఇంట్లో ఉండి టీ కాచి పిల్లల్ని చూసుకునేవాళ్లు. మగ్గాల గదిలో హోరు ఎంతలా ఉండేదంటే మాట వినపడక, పెదాల కదలికను బట్టి, చేతి సైగలను బట్టి మాట్లాడుకునేవాళ్లు. చాలామందికి చెవుడు వచ్చేది. అక్కడ కూడా అంతస్తులున్నాయి. నేతపని చేసే ఆడవాళ్లు టోపీ, గ్లవ్స్ పెట్టుకుని పనికి వెళ్లేవాళ్లు, వడికే ఆడవాళ్లకంటే తాము ఒక మెట్టు పైన అని చూపించుకోవడానికి. ఆ గ్లవ్స్ లాంటి వివరం ఒక్కటి దొరికితే చాలు, నాలుగు కప్పుల జాబితా తీసి పక్కన పెట్టొచ్చు.

ఈ ఆడవాళ్లు క్లబ్ చరిత్రల్లో దాదాపుగా కనిపించరు. మైదానంలో ఆడింది మగవాళ్లు, బోర్డులో కూర్చున్నది మగవాళ్లు. కానీ చాలా ఇళ్లలో గేటు దగ్గర టికెట్‌కి ఇచ్చిన చిల్లర ఆ ఆడవాళ్ల కూలిలోంచే వచ్చి ఉంటుంది. ఆ వైపు నుంచి రాయగలిగితే నువ్వు రాయి. అది నీకే సాధ్యమని నా నమ్మకం.

ఇప్పుడు ఐరిష్ వాళ్ల సంగతి. లోఖీలో వాళ్లు ఎంతమంది చేరారంటే ఆ పేటను 'చిన్న టిప్పరేరీ' అని పిలిచేవాళ్లు. వాళ్లకో జట్టు ఉండేది, డండీ హార్ప్ అని. 1885 సెప్టెంబరు 12న ఈ హార్ప్ అబర్డీన్ రోవర్స్ మీద 35-0 తేడాతో గెలిచింది. సరిగ్గా అదే రోజు పక్క ఊరు ఆర్బ్రోత్ 36-0తో గెలవడంతో ఆ రికార్డు చేతికి రాకుండానే పోయింది! తర్వాత హార్ప్ మూతపడింది. 1909లో ఐరిష్ వాళ్లే మళ్లీ డండీ హైబర్నియన్ పేరుతో ఇంకో జట్టు పెట్టారు. ఆకుపచ్చ చొక్కాలు. సొంత మైదానం టానడైస్‌లో మొదటి మ్యాచ్ ఎడిన్‌బరో హైబర్నియన్‌తో, 1-1. 1923లో ఐరిష్ వాళ్లే కాక ఊరంతా రావాలని పేరు డండీ యునైటెడ్‌గా మార్చుకున్నారు. నువ్వు మెడలో వేసుకు తిరిగే ఆ నారింజ రంగు స్కార్ఫ్ ఉందే, ఆ రంగు చాలా తర్వాత వచ్చింది. 1967 వేసవిలో ఈ జట్టు అమెరికా వెళ్లి డల్లాస్ టొర్నాడో పేరుతో ఆడింది. అక్కడ వేసుకున్న రంగు నచ్చి 1969లో ఇంటికి తెచ్చుకున్నారు. పాత ఆకుపచ్చ గురించి ఒక్క వాక్యమైనా నీ వ్యాసంలో ఉండాలి.

పక్కింటి జట్టును, అంటే డండీ క్లబ్‌ను, నువ్వు పూర్తిగా వదిలేశావు. అభిమానిగా నీ మనసు నాకు అర్థమవుతుంది, కానీ రాసేటప్పుడు అది కుదరదు. వాళ్ల మైదానం డెన్స్ పార్క్‌కీ, టానడైస్‌కీ మధ్య దూరం సుమారు 200 గజాలు. బ్రిటన్‌లో ఇంత దగ్గరగా రెండు పెద్ద క్లబ్బుల మైదానాలు ఇంకెక్కడా లేవు. డండీ క్లబ్ 1893 నాటిది, యునైటెడ్‌కి అన్నయ్య వరస. 1962లో బాబ్ షాంక్లీ మేనేజర్‌గా లీగ్ గెలిచింది. లివర్‌పూల్‌ని నిలబెట్టిన బిల్ షాంక్లీకి ఈయన అన్న. తర్వాతి సీజన్‌లో యూరోపియన్ కప్‌లో కొలోన్ జట్టుని 8-1తో చిత్తుచేసి, సెమీఫైనల్లో మిలాన్ చేతిలో ఆగింది. ఈసారి వెళ్లినప్పుడు డెన్స్ పార్క్ మెయిన్ స్టాండ్ ఎదురుగా కాసేపు నిలబడు. మధ్యలో వంపు తిరిగి ఉంటుంది. 1921లో ఆర్చిబాల్డ్ లీచ్ గీసిన ప్లాన్ అది.

ఈ రెండు జట్లను విడదీసి రాయలేవు. యునైటెడ్ మొదటి పెద్ద కప్పు 1979 లీగ్ కప్. అబర్డీన్‌తో ఫైనల్ డ్రా అయి, రీప్లే డెన్స్ పార్క్‌లో జరిగింది, 3-0. మరుసటి ఏడాది అదే కప్పు ఫైనల్ డండీతోనే, మళ్లీ డెన్స్ పార్క్‌లోనే, మళ్లీ 3-0. ఇక 1983 మే 14. లీగ్ ఆఖరి రోజు. సెల్టిక్, అబర్డీన్ ఒక్క పాయింట్ వెనక కాచుకుని ఉన్నాయి. యునైటెడ్ గెలిస్తే ఇంకెవరి ఫలితం కోసమూ చూడక్కర్లేదు. ఆ మ్యాచ్ ఎవరితో? డండీతో, డెన్స్ పార్క్‌లో. 29 వేల మందికి పైగా జనం. ఆట మొదలై ఐదు నిమిషాలు కూడా కాకుండానే రాల్ఫ్ మిల్న్ దూరం నుంచి బంతిని గోల్‌కీపర్ తల మీదుగా లేపి నెట్‌లో వేశాడు. ముందు రోజే అతనికి 22 ఏళ్లు నిండాయి. డండీ కుర్రాడే. తర్వాత ఎమన్ బానన్ కొట్టిన పెనాల్టీని కీపర్ ఆపాడు, వెనక్కి వచ్చిన బంతిని బానన్ మళ్లీ కొట్టి గోల్ చేశాడు. ఇయన్ ఫెర్గూసన్ డండీ తరఫున ఒకటి తిరిగి ఇచ్చాడు. 2-1. ఆ తర్వాత టెన్షన్ ఎలా ఉండి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. యునైటెడ్ చరిత్రలో ఇప్పటికీ ఉన్న ఒకే ఒక్క లీగ్ టైటిల్ అది. గెలిచింది పక్కింటి వాకిట్లో.

దాని వెనకున్న మనిషి జిమ్ మెక్లీన్. వృత్తిరీత్యా వడ్రంగి. డండీకి ఆడాడు, 1971 చివర్లో డండీలో కోచ్‌గా ఉంటూనే ఆ 200 గజాలు దాటి యునైటెడ్ మేనేజర్ అయ్యాడు, 1993 దాకా ఉన్నాడు. కోపిష్టి, పని రాక్షసుడు. ఆయన్ని దేవుణ్ని చేసి రాయొద్దు. చుట్టుపక్కల కుర్రాళ్లని చిన్నప్పుడే పట్టుకుని ఎలా తయారుచేశాడో అది రాయి.

నీ వ్యాసంలో నన్ను బాధపెట్టింది ఒకటుంది. యూరప్ క్లబ్బుల మధ్య జరిగే యూఈఎఫ్ఏ కప్ 1987 ఫైనల్‌ని 'దురదృష్టవశాత్తు ఓడిపోయారు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నన్నడిగితే ఆ క్లబ్ చరిత్రలో రాయదగ్గ సాయంత్రం అదే. మే 16న స్కాటిష్ కప్ ఫైనల్లో సెయింట్ మిరెన్ చేతిలో 1-0తో ఓడారు. నాలుగు రోజులకు, మే 20న, టానడైస్‌లో స్వీడన్ జట్టు గోథెన్‌బర్గ్‌తో యూఈఎఫ్ఏ ఫైనల్ రెండో లెగ్, అంటే రెండు మ్యాచ్‌ల ఫైనల్లో రెండోది. స్వీడన్‌లో మొదటిది 1-0తో పోయింది. ఇక్కడ 1-1. జాన్ క్లార్క్ గోల్ సరిపోలేదు. ఒక్క వారంలో రెండు ఫైనల్స్ చేజారాయి. అప్పుడు స్వీడన్ ఆటగాళ్లు కప్పు పట్టుకుని మైదానం చుట్టూ తిరుగుతుంటే, ఇంటి జనం స్టాండ్లు ఖాళీ చేయకుండా నిలబడి చప్పట్లు కొట్టారు. ఫిఫా ఆ అభిమానులకు ఫెయిర్ ప్లే అవార్డు ఇచ్చింది. అవార్డు సంగతి ఒక వాక్యం చాలు. ఆ చప్పట్ల దగ్గర ఆగు. మిల్లులు ఒకటొకటిగా మూతపడుతున్న ఊళ్లో, అంత ఓటమి మీద పడ్డ రాత్రి, ఎదుటివాడి గెలుపును నిలబడి చూడగలిగిన జనం ఎవరు? వాళ్లలో కొందరికి ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి, నువ్వు కూర్చునే స్టాండ్‌లోనే ఉంటారు. పక్కన కూర్చున్న పెద్దాయన్ని అడుగు. మ్యాచ్ గురించి కాదు, ఆయన తల్లి ఏ మిల్లులో పనిచేసిందో అడుగు.

అడిగాక లైబ్రరీకి కూడా వెళ్లు. వెల్‌గేట్‌లోని సెంట్రల్ లైబ్రరీలో స్థానిక చరిత్ర విభాగం ఉంది. పాత పేపర్లలో మ్యాచ్ రిపోర్టుతో ఆగిపోకుండా అదే పేజీలో పక్కనున్న ప్రకటనలు, కూలి గొడవలు, చావు కబుర్లు కూడా చదువు. వెర్డంట్ వర్క్స్ మ్యూజియంలో పాత మరలు నడిపి చూపిస్తారు, ఆ చప్పుడు విను. నోటితో చెప్పింది కాగితంతో సరిపోల్చుకో. స్కోర్లను మనుషుల జ్ఞాపకం నుంచి ఎప్పుడూ తీసుకోవద్దు. చలి, వాసన, భయం మాత్రం వాళ్లు చెప్పినట్టే తీసుకో.

ఆఖరుగా, తెలుగువాళ్ల ప్రస్తావన ఎక్కడ తేవాలని అడిగావు. బలవంతంగా తేవొద్దు. కానీ ఒక నిజమైన దారి ఉంది. మన గోగునారకు ప్రపంచ నార వ్యాపారంలో 'బిమ్లీపటం జూట్' అని పేరు. మా భీమిలి పేరే అది. చిట్టివలసలో, నెల్లిమర్లలో జూట్ మిల్లులు వచ్చాయి. గోగు కట్టల్ని చెరువులో ముంచి, మీద బరువు పెట్టి ఊరేసి, కుళ్లాక పీచు ఒలిచి ఉతికి ఎండేసేవాళ్లు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి పీచు ఒలిచిన చేతులకు ఆ కంపు రోజుల తరబడి వదిలేది కాదు. విజయనగరం, శ్రీకాకుళం వైపు పాఠకుడు ఇది చదివితే డండీ మిల్లు మనిషిని వెంటనే గుర్తుపడతాడు. అయితే మన నార డండీ మగ్గం ఎక్కిందని, కాగితం కంటితో చూడకుండా మాత్రం రాయకు. రెండు ఊళ్లూ ఒకే రకం పని చేశాయన్నంత వరకే చెప్పు. అలాగే కలకత్తా సంగతి మర్చిపోకు. 1855లో రిష్రాలో మొదటి మిల్లు పెట్టాక డండీ నుంచే యంత్రాలు, పనిపెద్దలు అక్కడికి వెళ్లారు. చివరికి ఆ కలకత్తా మిల్లులే డండీ బేరం లాగేసుకున్నాయి. డండీలో పోయిన కూలికి, హుగ్లీ ఒడ్డున ఇంకా తక్కువకి చేసిన కూలికి ఉన్న సంబంధం నీలాంటి అమ్మాయి రాస్తే నేను చదవాలని ఉంది.

వ్యాసాన్ని లోఖీ నుంచి మొదలుపెట్టు. బార్సిలోనా పేరా కొట్టేయ్. 1983కి ఒక పేజీ, 1987కి రెండు పేజీలు ఇవ్వు. గోల్‌కీపర్, పెనాల్టీ, డెర్బీ లాంటి ఇంగ్లీషు మాటలన్నీ అలాగే ఉంచు, వాటికి సంస్కృతం తొడగొద్దు. సంక్రాంతి లోపు పంపితే పత్రిక వాళ్లతో నేనే మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మాస్టారు