లేజర్ ట్రాకర్‌కు ఆర్డర్ పెట్టేముందు కాంటాక్ట్ టిప్ విప్పి చూడండి

మీరు చెప్పినది ఇది: 6 మి.మీ. ప్లేట్లు, మీటరున్నర పొడవున ఫిల్లెట్ జాయింటు (రెండు ప్లేట్లు మూలగా కలిసేచోట వేసే అతుకు), 1.2 మి.మీ. వైరు, రోబో మిగ్ వెల్డింగ్ (వైరే కరిగి అతుకు పడే పద్ధతి). బీడ్ (కరిగి గట్టిపడిన అతుకు వరుస) మొదట్లో సరిగానే పడి, చివరికి వచ్చేసరికి పక్కకు జరుగుతోంది. లేజర్ సీమ్ ట్రాకర్ (లేజర్‌తో జాయింటును చూస్తూ టార్చ్‌ను దాని మీదే నడిపించే సెన్సర్) కొంటే తీరుతుందా అని మీ ప్రశ్న. తీరవచ్చు. అయితే అదే ఆశతో కొన్న షాపులో నేను పనిచేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మేము చేసేది నిల్వ ట్యాంకులు. సెన్సర్ బిగించిన కొత్తలో అందరం దాని చుట్టూ మూగి చూశాం. కొన్నాళ్లకు ఒక షిఫ్టులో బీడ్లన్నీ ఒకే పక్కకు మిల్లీమీటరుకు పైగా తప్పాయి. తెర మీద మాత్రం గీత కచ్చితంగా జాయింటు మీదే ఉంది. రెండు రోజులు కాలిబ్రేషన్ చేస్తూ కూర్చున్నాం. చివరికి మా పాత వెల్డర్ ఒకాయన టార్చ్ (వెల్డింగ్ గన్) నాజిల్ విప్పి, కాంటాక్ట్ టిప్ (వైరుకు కరెంటు అందిస్తూ దాన్ని బయటికి వదిలే చిన్న గొట్టం) తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. రంధ్రం ఒక వైపు అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. టిప్ మార్చగానే సమస్య పోయింది.

సెన్సర్‌కు కనిపించేది జాయింటు ఒక్కటే. వైరు కొస ఎక్కడుందో దానికి తెలియదు. కాలిబ్రేషన్ రోజున ఉన్నచోటే ఉందనుకుంటుంది. స్పూలు నుంచి వైరు ఎప్పుడూ కాస్త వంపుతోనే వస్తుంది. టిప్ అరిగితే ఆ వంపును పట్టి ఉంచేది ఏదీ ఉండదు. వైరు మందంలో సగానికి మించి జాయింటు తప్పితే ఇబ్బంది మొదలవుతుందని మా లెక్క. అంటే మీకున్న వెసులుబాటు 0.6 మి.మీ. మాత్రమే; అరిగిన టిప్ ఒక్కటే దాన్ని మొత్తం తినేయగలదు.

అందుకే ముందు ఆర్క్ వెలిగించకుండా డ్రై రన్ చేయండి. నాలుగైదు భాగాలను ఒక్కొక్కటిగా ఫిక్స్‌చర్‌లో (భాగాన్ని బిగించి పట్టుకునే చట్రంలో) పెట్టి, వైరు కొస జాయింటు వెంట ఎలా పోతోందో చూడండి. ఇక్కడే తప్పితే లోపం ఫిక్స్‌చర్‌లోనో ప్లేటు కోతలోనో ఉంది. దానికి టచ్ సెన్సింగ్ చాలు: వైరుకు వోల్టేజి ఇచ్చి ప్లేటును తాకిస్తే, భాగం ఎక్కడుందో రోబోకు వెల్డింగ్‌కు ముందే తెలుస్తుంది. ఒక్కో తాకుడుకు కొన్ని సెకన్లు పడుతుంది, అంతే. డ్రై రన్‌లో సరిగా ఉండి, ఆర్క్ వెలిగాక చివర్లో జరుగుతుంటే అది వేడికి ప్లేటు వంగడం. మీరు రాసిన తీరు చూస్తే నాకు ఇదే అనుమానం. ట్యాకులు (ప్లేట్లు కదలకుండా ముందుగా వేసే చిన్న అతుకులు) ఎంత దూరానికి ఒకటి వేస్తున్నారో, ఏ వరుసలో వేస్తున్నారో ఒకసారి చూసుకోండి.

ట్యాకులు సరిచేసినా జరుగుతుంటే, మీ జాయింటుకు ఆర్క్ ద్వారా జరిగే ట్రాకింగ్ సరిపోతుందని నా అభిప్రాయం. టార్చ్ అటూ ఇటూ వీవింగ్ చేస్తున్నప్పుడు ఏ ప్లేటుకు దగ్గరైతే అటు కరెంటు పెరుగుతుంది. రెండు వైపులా పెరుగుదల సమానంగా ఉంటే టార్చ్ మధ్యలో ఉన్నట్టు. తేడా వస్తే రోబో ఆ మేరకు సర్దుకుంటుంది. టార్చ్ దగ్గర కొత్త పరికరమేదీ బిగించనక్కర్లేదు. వీవింగ్ వల్ల వేగం కొంత తగ్గుతుంది. పలుచటి షీట్లను ఒకదాని మీద ఒకటి పెట్టి అతికే ల్యాప్ జాయింటుకు ఇది పనికిరాదు, ఎందుకంటే అక్కడ కరెంటులో తేడా చూపేంత గోడ ఉండదు. అల్యూమినియం మీద కూడా ఆశ పెట్టుకోకండి.

లేజర్ అవసరమయ్యేది వేగం ఎక్కువైనప్పుడు, షీటు పలుచనైనప్పుడు, ప్లేట్ల మధ్య గ్యాపును కొలిచి దానికి తగినట్టు కరెంటు మార్చాలనుకున్నప్పుడు. దాని కష్టాలు దానికున్నాయి. సెన్సర్ టార్చ్‌కు కొన్ని సెంటీమీటర్లు ముందు నడుస్తుంది కాబట్టి, జాయింటు చివర నిలువు ప్లేటు ఉంటే టార్చ్ చేరకముందే అది వెళ్లి తగులుతుంది. పెట్టెల్లాంటి భాగాల్లో మాకు ఇది పెద్ద తలనొప్పి అయింది. రక్షణ అద్దం మీద పొగ, స్పాటర్ (ఎగిరిపడే కరిగిన లోహపు చుక్కలు) పేరుకుంటాయి. గ్రైండింగ్ చేసిన మెరుపును, స్టెయిన్‌లెస్ ప్రతిబింబాన్ని జాయింటుగా పొరబడుతుంది. ఇంకొకటి, ట్రాకర్ గ్యాపును చూపగలదు గానీ పూడ్చలేదు.

మా షాపులో సబ్‌మర్జ్‌డ్ ఆర్క్ యంత్రానికి మాత్రం ఇప్పటికీ గాడిలో ఆనుకుని నడిచే యాంత్రిక ప్రోబే ఉంది. ఆర్క్ ఫ్లక్స్ అనే పొడి కింద కప్పబడి ఉంటుంది, ఆపరేటర్‌కు ఎలాగూ కనిపించదు. ప్రోబ్ పక్కకు జరిగితే మోటారు స్లైడు టార్చ్‌ను అటు జరుపుతుంది. షాపులో అన్నిటికంటే పాతది, అన్నిటికంటే తక్కువ సెలవులు పెట్టినదీ అదే.

టిప్ మార్చి డ్రై రన్ చేయడానికి ఒక పూట చాలు. కొటేషన్ మీద సంతకం అంతవరకు ఆపండి.