ఓడ ఎక్కుతానంటున్న అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మెరైన్ ఇంజినీరింగ్ చదివి ఓడ ఎక్కుతానంటోంది. మావారు, అత్తగారు ససేమిరా అంటున్నారు. అంతమంది మగాళ్ల మధ్య నెలల తరబడి ఒక్కతే ఎలా ఉంటుందని నాకూ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మీ అమ్మాయి ఆ పని చేయగలదా అన్న అనుమానం మీకు లేదు. అందుకు సంతోషం. మీవారికి ఉంటే ఈ సంగతి చెప్పండి. 2015 జూన్‌లో కాకినాడ నుంచి బయల్దేరిన దుర్గమ్మ అనే పడవ తుపాను సముద్రంలో చిక్కుకుంది. అందులోని ఏడుగురు జాలర్లను కాపాడిన ట్యాంకర్ ఓడకు కెప్టెన్ రాధికా మీనన్. ఆ సాహసానికి 2016లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ అవార్డు అందుకున్న తొలి మహిళ ఆవిడే. నేవీ పడవ తారిణిలో 2017–18లో ప్రపంచం చుట్టి వచ్చిన ఆరుగురిలో స్వాతి మన విశాఖ అమ్మాయే.

మీ అసలు భయం రక్షణ గురించి. అది నిజమైన భయమే, కొట్టిపారేయను. రాజస్థాన్‌లో బాల్యవివాహాలను ఆపబోయినందుకు 1992లో భంవరీ దేవి అనే కార్యకర్త అత్యాచారానికి గురైంది. ఆవిడ నోరు మూసుకోలేదు. మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకెళ్లాయి. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అడ్డుకోవాలని 1997లో వచ్చిన తీర్పును విశాఖ తీర్పు అంటారు (మన ఊరు కాదు, కేసు వేసిన సంఘం పేరు). అదే 2013లో చట్టమైంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. ఆవిడ పడ్డ కష్టం వల్ల ఈ రోజు మీరు ధైర్యంగా అడగొచ్చు. కాబట్టి కంపెనీని మొహమాటపడకుండా అడగండి: గదికి లోపలి గడియ ఉందా? ఓడలో ఇంకో అమ్మాయి ఉంటుందా? ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలి? ఓడ నుంచి నేరుగా మాట్లాడేందుకు ఒడ్డున ఒక అధికారిని కంపెనీ నియమించాలన్నది అంతర్జాతీయ నియమం. ఆయన పేరు, నంబరు అమ్మాయి దగ్గర ఉండాలి. జవాబు నసిగితే ఆ కంపెనీ వద్దు.

చదువు సంగతి: ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ సెట్ రాయాలి. మెరైన్ ఇంజినీరింగ్ చెన్నై, కోల్‌కతా, ముంబై క్యాంపస్‌లలో ఉంది. మన సబ్బవరం దగ్గరి క్యాంపస్‌లో ఓడల డిజైన్ చదువు ఉంది. ఇంటికి దగ్గరని అమ్మాయిని అటు తోయకండి, అది వేరే పని.

లక్షలు కడితే ఓడ ఎక్కిస్తామనే ఏజెంట్లను నమ్మకండి. డీజీ షిప్పింగ్ (నౌకా రంగాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం) లైసెన్సున్న సంస్థలు కూడా ఉద్యోగం ఇప్పించినందుకు డబ్బు తీసుకోకూడదు.

ముందు డీజీ షిప్పింగ్ గుర్తించిన డాక్టర్ దగ్గర కంటి పరీక్ష చేయించండి. రంగులు సరిగా గుర్తుపట్టలేకపోతే ఈ దారి మూసుకుపోతుంది, ఫీజు కట్టాక తెలిస్తే నష్టం. రిపోర్టు వచ్చాక మీవారిని, అత్తగారిని కూడా వెంటబెట్టుకుని రండి. అత్తగారితో నేనే మాట్లాడతాను.