నో కాస్ట్ ఈఎంఐతో బడ్జెట్ రేఖ బయటికి జరగదు సార్

హనుమకొండ నుంచి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరర్ రాశారు. చెప్పేది ఎకనామిక్స్. జీతం చేతికి 46 వేలు, మే నెలలో మాత్రం సగమే ఇస్తారు. ఇద్దరు పిల్లలు, ఊళ్లో అమ్మానాన్న. ఫోను, బండి, టీవీ మీద మూడు ఈఎంఐలు కలిపి 9 వేలు. లక్ష రూపాయల చిట్టీకి నెలకు 5 వేల చొప్పున 11 నెలలు కట్టారు, ఇంకా ఎత్తుకోలేదు. మొన్న జనవరిలో నాన్నగారికి ఛాతీ నొప్పి వస్తే రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారట, బిల్లు 38 వేలు, క్రెడిట్ కార్డు గీకారు, అప్పట్నుంచీ మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం మాత్రమే, కడుతున్నారు. ప్రశ్న మాత్రం ఏసీ గురించి. 42 వేల ఏసీ, 9 నెలల నో కాస్ట్ ఈఎంఐ, నెలకు 4,667. "వడ్డీ లేదు కాబట్టి నా బడ్జెట్ రేఖ బయటికి జరిగినట్టే కదా, ఎండాకాలంలో రూపాయికి ఎక్కువ ప్రయోజనం ఇచ్చేది ఏసీయే కదా" అని అడిగారు. బడ్జెట్ రేఖ అంటే ఉన్న ఆదాయంతో, ఉన్న ధరల్లో మనం కొనగలిగేదానికి హద్దు. పనిలో పనిగా, అన్ని అప్పులూ కలిపేసుకోవడానికి ఒక యాప్ లక్షన్నర ఇస్తానంటోంది, తీసుకోమంటారా అని కూడా.

సార్, ఎక్కడ పెట్టినా చివరి రూపాయికి సమానమైన ప్రయోజనం దక్కేలా ఖర్చు పంచుకోవాలనే సమోపాంత ప్రయోజన సూత్రాన్ని పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పే మీరే ఇలా అడిగితే ఎలా? అయినా మీ ఒక్కరి తప్పు కాదులెండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది బడ్జెట్ అంటే ఈ నెల జీతంలో మిగిలింది అనే అనుకుంటారు. ఈఎంఐ ఆ మిగులులో పడితే చాలు, కొనగలం అని లెక్క. కానీ ఈఎంఐతో మీ ఆదాయం రూపాయి కూడా పెరగలేదు. రేఖ బయటికి జరగాలంటే ఆదాయమైనా పెరగాలి, ధరైనా తగ్గాలి. మీరు చేస్తున్నది డిసెంబరు దాకా వచ్చే జీతాల్లోంచి ముక్క కోసి ఇప్పుడే తినడం. ఆ నెలల రేఖలన్నీ లోపలికి జరుగుతాయి, మే నెలది మరీ.

ఇక ఆ "వడ్డీ లేదు" సంగతి. సున్నా వడ్డీ పథకాలు వద్దని ఆర్బీఐ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. అందుకే ఇప్పుడు వడ్డీ ఉంటుంది, అంత మొత్తాన్ని డిస్కౌంటుగా చూపిస్తారు. ఏడాదికి 15 శాతం లెక్కన మీ 42 వేలల్లో దాదాపు 2,500 వడ్డీయే. దాని మీద 18 శాతం జీఎస్టీ అంటే ఇంకో 450 మీరే కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు వేరే. నగదు ఇస్తాం ఎంతకిస్తావని షాపులో గట్టిగా అడిగి చూడండి, 42 వేలు అసలు ధర కాదని అక్కడే తేలిపోతుంది.

ఇదంతా చిన్న విషయం. నాకు టెన్షన్ పుట్టించింది మీ కార్డు. 38 వేల మీద నెలకు మూడున్నర శాతం అంటే 1,330, దాని మీద జీఎస్టీ 239. మీరు కట్టే మినిమం డ్యూ 1,900. అంటే అసలులోకి పోయేది 331 రూపాయలు! పైగా పాత బాకీ ఉన్నన్నాళ్లూ అదే కార్డు మీద కొత్తగా ఏం కొన్నా మొదటి రోజు నుంచే వడ్డీ.

మీరు రాసిన ఖర్చులనే మళ్లీ కూడి చూశాను. అద్దె 9,500, ఈఎంఐలు 9 వేలు, చిట్టీ 5 వేలు, ఫీజులకు నెలకు 6 వేలు, ఊరికి పంపేది 4 వేలు. మొత్తం 33,500. మిగిలిన 12,500లో కార్డుకు 1,900 పోతే 10,600. ఏసీ వస్తే అది 5,933. ఇందులోనే బియ్యం, పాలు, గ్యాసు, పెట్రోలు, పెరిగిన కరెంటు బిల్లు. టీలు, టిఫిన్లు తగ్గించుకుంటా అన్నారు, ఎన్ని టీలు తాగుతారు సార్ మీరు? మే నెలలో చేతికొచ్చేది 23 వేలు, బియ్యం కొనకముందే 10,500 తక్కువ. ఇది మీకు ఏటా వచ్చే మే నెలే, అకస్మాత్తుగా వచ్చిపడింది కాదు.

ప్రయోజనం అన్నారు కాబట్టి ఆ భాషలోనే చెప్తాను. వెయ్యి రూపాయల ఉపాంత ప్రయోజనం, అంటే ఇంకో వెయ్యి చేతిలో ఉంటే అదనంగా దక్కే మేలు, ఎప్పుడూ ఒకటే కాదు. జీతం పడిన రోజు వెయ్యికీ, రాత్రి పన్నెండుకు ఆసుపత్రి కౌంటర్లో అడ్వాన్సు కట్టమన్నప్పుడు జేబులో ఉన్న వెయ్యికీ పోలికే లేదు. జనవరిలో మీరు ఆ కౌంటర్ ముందు నిలబడి వచ్చారు. అలాంటి రోజు కోసం పక్కన పెట్టే డబ్బు కూడా మీరు కొనుక్కునే సరుకే, మీ ఇంట్లో అన్నిటికంటే కొరతగా ఉన్నది అదే. ఖాతాలో 11 వేలు ఉన్నాయని రాశారు. దాని పక్కన ఏసీ పెట్టి చూడండి, రూపాయికి దేనివల్ల ఎక్కువ ప్రయోజనమో మీ సూత్రమే చెప్తుంది.

యాప్ లోన్ వద్దు. నెలకు ఒకటిన్నర శాతమే అన్నారట. అది ఫ్లాట్ వడ్డీ, అంటే అసలు తీరుతున్నా మొదటి మొత్తం మీదే వేసే వడ్డీ, రెండేళ్లకు లెక్క వేస్తే ఏడాదికి 30 శాతం దాటుతుంది. వాళ్లిచ్చే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో, అంటే లోన్ వివరాల కాగితంలో, ఏపీఆర్ అని ఏడాదికి పడే అసలైన ఖర్చు శాతం ఉంటుంది, చూస్తే మీకే తెలుస్తుంది. చూడ్డం కూడా ఎందుకు, ముందు ఆ యాప్ తీసేయండి. అప్పులన్నీ కలిపేసుకున్నవాళ్లు ఆర్నెల్లు తిరక్కుండా ఖాళీ అయిన కార్డు మళ్లీ గీకడం నేను చాలాసార్లు చూశాను.

చిట్టీ ఎత్తుకోండి. ఈసారి పాటలో 15 వేలు పోయినా 85 వేలు వస్తుంది. ఇదీ కొంత అప్పే, మిగతా నెలలు కట్టాల్సిందే, కానీ కార్డు వడ్డీ ముందు ఇది నయం. అందిన రోజే కార్డుకు 38 వేలు మొత్తం కట్టేయండి, సగం కాదు. మిగిలిన 47 వేలు వేరే ఖాతాలో, ఫోన్‌పే తగలని ఖాతాలో వేయండి. మే నెలలో అందులోంచి ఓ 20 వేలు తీయక తప్పదు. జూన్ నుంచి కార్డుకు కట్టే 1,900 అక్కడే వేయండి, బండి ఈఎంఐ అయిపోగానే ఆ డబ్బు కూడా. లక్షన్నర అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు. హెల్త్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ కూడా లేదు, నాన్నగారికి విడిగా అడగండి. మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే టర్మ్ పాలసీ కూడా చూడండి. మ్యూచువల్ ఫండ్లు, వాటిలో నెలనెలా వేసే సిప్‌ల గురించి అడిగారు, ఇప్పుడు కాదు.

ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది కదా అన్నారు. తగ్గింది, రేపెళ్లి కొన్నా అదే 18. ఈ ఎండాకాలానికి పాత కూలర్‌కు గడ్డి మార్పించి, కిటికీ అవతల పెట్టండి. కార్డు బాకీ సున్నా అని స్టేట్‌మెంట్ వచ్చాక, ఆ ఖాతాలో లక్షన్నర దాటాక ఏసీ గురించి మళ్లీ రాయండి. అది చలికాలంలో అయితే మరీ మంచిది, అప్పుడు షాపువాడే మిమ్మల్ని పిలిచి బేరమాడతాడు.