యూవీలో కేసరాలు ఎందుకు అలుక్కుపోతాయి?

ప్రశ్న: ఫుల్ స్పెక్ట్రమ్‌గా (యూవీ అనే అతినీలలోహిత కాంతినీ, ఇన్‌ఫ్రారెడ్ అనే పరారుణ కాంతినీ కూడా పట్టేలా) మార్పించిన కెమెరాకు పాత ఎన్‌లార్జర్ లెన్స్ (నెగెటివ్ నుంచి ఫొటో పెద్దది చేసే యంత్రానిది) బిగించి, మేడ మీది పొద్దుతిరుగుడు పువ్వును తీస్తున్నాను. ఫోకస్ చేశాక యూవీని మాత్రమే వదిలే ఫిల్టర్ పెడితే కేసరాలు అలుక్కుపోతున్నాయి. లెన్స్ లోపమా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: లెన్స్‌ను తిట్టకండి. కంటికి కనిపించే రంగులకు సరిచేసిన గాజు 365 నానోమీటర్ల (యూవీ) దగ్గర మరోచోట ఫోకస్ అవుతుంది. 1:1లో (సెన్సర్ మీద బొమ్మ అసలు సైజులోనే పడేటప్పుడు) అర మిల్లీమీటరు తేడా వచ్చినా పుప్పొడి రేణువులు మాయమే. అందుకని ఫిల్టర్ బిగించాకే, 365 నానోమీటర్ల యూవీ టార్చి వేసి (యూవీని ఆపే కళ్లద్దాలు మరవకండి), లైవ్ వ్యూ పెద్దది చేసి, ఫోకస్ రింగు ముట్టకుండా ఫోకసింగ్ రైలు (కెమెరాను ముందుకూ వెనక్కూ జరిపే పట్టా) జరపండి. తీయబోయే ఎపర్చర్‌లోనే (లెన్స్ రంధ్రం సైజులోనే) ఫోకస్ చూడండి, ఎఫ్/8 చాలు. ఎఫ్/16 అంటే 1:1లో దాదాపు ఎఫ్/32, డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో కాంతి చెదరడం) వల్ల మసక తప్పదు. ఎండలో తీస్తే ఇంకో అనుమానం: ఫిల్టర్ ఇన్‌ఫ్రారెడ్‌ను వదులుతోందేమో. యూవీని ఆపే ఫిల్టర్ అదనంగా పెట్టినా బొమ్మ కనిపిస్తే దొంగ అదే.