20 కేజీల సెట్ ఇప్పుడే వద్దు, రెండు డంబెల్స్‌తో మొదలుపెట్టండి

ప్రశ్న: నా వయసు 47. కూర్చుని చేసే ఉద్యోగం. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను, బీపీకి ఇంకొకటి. నడక ఒక్కటే చాలదు, బరువులు కూడా ఎత్తమని మా డాక్టర్ అన్నారు. జిమ్‌కు వెళ్లే తీరిక లేదు. ఆన్‌లైన్‌లో 20 కేజీల హోమ్ జిమ్ సెట్ చూశాను. ఇంకొంచెం పెడితే బెంచీ కూడా వస్తుంది. నిరుడు ఒకసారి నడుము పట్టేసి వారం రోజులు లేవలేకపోయాను. కొనొచ్చా? మా ఆవిడ కూడా చేస్తానంటోంది కానీ తనకు మోకాళ్ల నొప్పులు. పైగా మగవాళ్లలా కండలు వస్తాయేమోనని టెన్షన్.
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ డాక్టర్ సరిగ్గా చెప్పారు. అన్నం తిన్నాక రక్తంలోకి చేరే చక్కెరలో ఎక్కువ భాగాన్ని తీసుకునేవి కండరాలే. నలభై దాటాక వాటికి పని చెప్పకపోతే ఏటా కొంచెం కొంచెంగా తగ్గిపోతుంటాయి. పొట్ట ముందుకొచ్చి, కాళ్లూ చేతులూ సన్నబడినవాళ్లు మన ఇళ్లలోనే ఎంతమంది లేరు! వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి వ్యాయామంతో పాటు రెండు రోజులైనా కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020లో సూచించింది. కాబట్టి బరువులు తప్పకుండా కొనండి. ఆ 20 కేజీల సెట్ మాత్రం ఇప్పుడే వద్దు.

ఆ మధ్య మీ ఈడు ఆయనే ఒకరు నడుము పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. డంబెల్ ఒక్కసారి కూడా ఎత్తలేదు. గుమ్మం ముందు పెట్టి వెళ్లిన పార్సిల్ డబ్బాను, మోకాళ్లు వంచకుండా, నిలబడ్డ చోటు నుంచే వంగి ఒక్క ఊపున లేపారు. అంతే, అక్కడే కూలబడ్డారు. మీకు నిరుడు నడుము పట్టేసిందన్నారు కాబట్టి ముందు ఈ మాట చెబుతున్నాను. ఏం తెప్పించుకున్నా డబ్బా గుమ్మం దగ్గరే విప్పి, ఒక్కొక్క ప్లేటూ (రాడ్‌కు ఎక్కించే బరువు బిళ్ల) లోపలికి తెచ్చుకోండి.

కొనే ముందు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లి రెటీనా (కంటి లోపలి వెనుక పొర) పరీక్ష చేయించుకోండి. ఆరేళ్ల షుగర్ అని రాశారు, కళ్ల సంగతి రాయలేదు. షుగర్ వల్ల రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చి ఉంటే, బరువు ఎత్తేటప్పుడు పెరిగే ఒత్తిడికి అవి చిట్లే ప్రమాదం ఉంది. చూపు మసకబారేదాకా మనకు ఏమీ తెలియదు. బీపీ 160/100 దాటి ఉంటే ముందు దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి. మెట్లెక్కితే ఛాతీ బరువెక్కినట్టు అనిపిస్తుంటే మీ డాక్టర్ చూసి సరే అనేదాకా ఆగండి.

ఇక కొనే విషయం. తక్కువ ధరకు వచ్చే సెట్లలో ప్లేట్లు చాలావరకు ప్లాస్టిక్ తొడుగులో సిమెంటులాంటి పొడి నింపినవి. రెండు మూడుసార్లు కింద పడితే అంచు పగిలి పొడి రాలుతుంది. అప్పుడు ఒక చేతికి ఎక్కువ బరువు, ఇంకో చేతికి తక్కువ. ఇనుపవే తీసుకోండి, సెకండ్ హ్యాండ్ అయినా పరవాలేదు. రెండు డంబెల్ రాడ్లు, కేజీవి నాలుగు ప్లేట్లు, రెండు కేజీలవి నాలుగు. ఆరు నెలలకు ఇవే ఎక్కువ. రాడ్ బరువు కూడా లెక్కలోకి వస్తుందని మరిచిపోవద్దు. మర తిప్పి బిగించే నట్లున్న రాడ్లే అడగండి. షాపులోనే ప్లేట్లు ఎక్కించి, నట్లు బిగించి, రాడ్‌ను నిలువుగా పట్టుకుని ఆడించి చూడండి. టకటకమని ప్లేట్లు కదిలితే ఆ జత వద్దు. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, ప్లేటు జారి వేలిమీద పడ్డా దెబ్బ లోతు తెలియదు. అందుకే ఇంట్లోనే అయినా బూట్లు వేసుకునే చేయండి.

కింద పరుచుకోవడానికి ఒక మ్యాట్, సాగే రబ్బరు బ్యాండ్ ఒకటి చాలు. బెంచీ, పొడవాటి రాడ్ వద్దే వద్దు. పడుకుని ఎత్తేటప్పుడు చేతులు అలిసిపోతే రాడ్ ఛాతీ మీదకు వస్తుంది, అందుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు.

ఆర్డర్ పెట్టే ముందు మూడు వారాలు లీటరు నీళ్ల సీసాలతో చేయండి. ఒక్కోటి కేజీ. వారానికి రెండు రోజులు, మధ్యలో ఒకటి రెండు రోజుల విరామం. కుర్చీలో కూర్చుని లేవడం, గోడకు చేతులు ఆనించి దండీలు, సీసాలు భుజాల దాకా ఎత్తడం, ఒక్కోటి పది పన్నెండు సార్లు. మూడు వారాలు మానకుండా చేయగలిగితే అప్పుడు కొనండి. బరువు పెంచడానికి గుర్తు ఒక్కటే: పదిహేనుసార్లు సునాయాసంగా వస్తుంటే ఒక మెట్టు పెంచొచ్చు.

ఊపిరి మాత్రం బిగబట్టకండి, బీపీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఎత్తేటప్పుడు పైకి వినపడేలా అంకెలు లెక్కపెట్టండి, గాలి దానంతట అదే బయటికి వస్తుంది. మీ మాత్రలో గ్లిమిపిరైడ్ ఉంది, అది షుగర్‌ను మరీ కిందికి దించేయగలదు కాబట్టి పరగడుపున చేయొద్దు. షుగర్ 100 కంటే తక్కువ ఉంటే ఒక అరటిపండో, రెండు బిస్కెట్లో తిని మొదలుపెట్టండి. వణుకు, చెమట, కళ్లు తిరగడం ఉంటే ఆపేసి వెంటనే చక్కెర నీళ్లు తాగండి. ఛాతీలోనో, దవడలోనో, ఎడమ చేతిలోనో నొప్పి వస్తే ఇంట్లో కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

మీ శ్రీమతి భయం అనవసరం. అలా కండలు పెరగడానికి కావలసిన మగ హార్మోన్ ఆడవాళ్లలో చాలా తక్కువ. మెనోపాజ్ తర్వాత ఎముకలు గుల్లబారుతాయి కాబట్టి ఈ వ్యాయామం ఆమెకూ అవసరమే. మోకాళ్లు నొప్పి కాబట్టి బస్కీలు వద్దు. కుర్చీ మీద దిండు వేసి కొంచెం ఎత్తు చేసుకుని, కూర్చుని లేవడం చాలు. ఆమె కోసం వేరే జత కొనక్కర్లేదు. మీరు సోమ, గురువారాలు చేస్తే, ఆమె మంగళ, శుక్రవారాలు అవే డంబెల్స్ వాడుకోవచ్చు.