స్కాట్లాండ్ ముత్తాతది ఏ ఊరు?

ప్రశ్న: మా కోడలు కెనడా అమ్మాయి. వాళ్ల ముత్తాత 1870ల్లో స్కాట్లాండ్ నుంచి వలస వచ్చాడట. పేరు తప్ప ఏమీ తెలియదు. ఆయన ఊరు కనుక్కోవడం ఎలా?

జవాబు: అప్పుడే స్కాట్లాండ్ రికార్డుల జోలికి వెళ్లకండి. అక్కడ ఒకే పేరుతో బోలెడు మంది ఉంటారు, వేరెవరి వంశాన్నో మీ కోడలిదనుకునే ప్రమాదం ఉంది. మొదట కెనడాలోనే ఆయన పెళ్లి, మరణ రికార్డులు, సమాధి రాయి, చర్చి పుస్తకాలు వెతకండి, ఊరి పేరో తల్లి పేరో ఎక్కడో ఒకచోట రాసి ఉండొచ్చు.

ఆ తర్వాత స్కాట్లాండ్స్‌పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ చూడండి. అక్కడ జనన మరణాల నమోదు 1855లో తప్పనిసరి అయింది. అంతకుముందువి చర్చి రిజిస్టర్లే, వాటిలో అందరూ ఉండరు. నాకు భలే నచ్చే సంగతి ఏంటంటే, స్కాట్లాండ్ మరణ ధ్రువపత్రంలో తండ్రి పేరుతో పాటు తల్లి పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు కూడా రాస్తారు. కాబట్టి అక్కడే ఉండిపోయిన అన్నో చెల్లెలో 1855 తర్వాత చనిపోయి ఉంటే, ఆ ఒక్క కాగితంతో ముత్తాత తల్లిదండ్రులు ఇద్దరూ దొరికినట్టే.

పిల్లల పేర్లూ గమనించండి. పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు పెట్టడం అప్పట్లో స్కాట్లాండ్‌లో చాలా ఇళ్లలో ఆనవాయితీ. ఇంటిపేరు మ్యాక్‌తో మొదలైతే మాత్రం స్పెల్లింగు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, అన్నీ వెతకండి.